బెంగళూరు నుంచి తొలి క్రూజ్: ఇద్దరికీ బడ్జెట్‌లో ప్లాన్ చేసుకోవడం ఎలా?

క్రూజ్ ప్రకటనలో ధర చూసి “ఇంతేనా!” అని బుక్ చేసేవాళ్లలో చాలామంది దిగే రోజు బిల్లు చూసి నోరెళ్లబెడతారు. టికెట్టు ధరలో మోసమేమీ ఉండదు. దాని పక్కన చేరే ఖర్చులు ముందు ఎవరూ లెక్కపెట్టరు, అంతే. బెంగళూరులో ఉండే జంట, మొదటిసారి, చేతిలో ఉన్న డబ్బు దాటకుండా ఓడెక్కి రావాలంటే ఏ పని ముందు, ఏ పని తర్వాత అన్నది ఇక్కడ వరసగా ఉంది. చెన్నైలో ఉండేవాళ్లకూ దాదాపు ఇదే వరస, రైలు టికెట్టు ఒక్కటి తగ్గుతుంది.

1. ముందు మొత్తం లెక్క వేయండి

క్రూజ్ ధర ఎప్పుడూ మనిషికి చెబుతారు, అదీ ఒక క్యాబిన్‌లో ఇద్దరుంటేనే. ప్రకటనలో 20,000 అని ఉంటే మీ ఇద్దరికీ 40,000 నుంచి లెక్క మొదలవుతుంది. దాని మీద పోర్టు చార్జీలు, గ్రాట్యుటీ (సిబ్బందికి ఇచ్చే టిప్పు) లేదా సర్వీసు చార్జీ, పన్నులు చేరతాయి. కాబట్టి వెబ్‌సైట్‌లో మొదటి పేజీ ధరను పట్టించుకోకండి. మీ పేర్లు, తేదీలు ఇచ్చి డబ్బు కట్టే పేజీ దాకా వెళ్లి అక్కడ కనిపించిన అంకె రాసుకోండి. రెండు ఓడల ధరలు పోల్చాలన్నా ఆ చివరి అంకెలనే పోల్చాలి.

టికెట్టులో సాధారణంగా కలిసి వచ్చేవి:
- క్యాబిన్, రోజూ గది శుభ్రం చేయడం
- బఫేలో, మెయిన్ డైనింగ్ హాల్‌లో మూడు పూటలా భోజనం
- థియేటర్ షోలు, స్విమ్మింగ్ పూల్, జిమ్
- బఫేలో మంచినీళ్లు, టీ, మామూలు కాఫీ

విడిగా డబ్బు పడేవి:
- మద్యం, కూల్‌డ్రింకులు, క్యాబిన్‌లో పెట్టే నీళ్ల సీసాలు
- స్పెషాలిటీ రెస్టారెంట్లు, స్పా, కాసినో
- వైఫై
- ఓడ ఫొటోగ్రాఫర్ తీసే ఫొటోలు
- పోర్టులో దిగి చేసే టూర్లు
- ఓడలో డాక్టర్ దగ్గరికి వెళ్తే ఫీజు

ఇద్దరికీ కలిపి లక్ష రూపాయలు పెట్టుకున్నారనుకుందాం. అందులో పన్నులతో సహా టికెట్టుకు 55,000 దాటనివ్వకండి. రైలు లేదా విమానం, వీసా, ముందురోజు హోటల్, ట్యాక్సీలకు 25,000. ఓడలో, పోర్టుల్లో చేతి ఖర్చుకు 12,000. మిగతా 8,000 ముట్టుకోకూడదు. తుపాను వల్ల ఓడ ఆలస్యమైనా, విమానం మార్చుకోవాల్సి వచ్చినా అదే ఆదుకుంటుంది. మొదటిసారి వెళ్లేవాళ్లు టికెట్టుకే 80,000 పోసి మిగతాది “అక్కడ చూసుకుందాంలే” అంటారు. బడ్జెట్ తప్పేది సరిగ్గా అక్కడే.

2. రూటు ఎంచుకోండి

చెన్నై నుంచి. కార్డీలియా సంస్థ ఎంప్రెస్ అనే ఓడను చెన్నై నుంచి విశాఖపట్నం, పుదుచ్చేరి వైపు, శ్రీలంకలోని హంబన్‌తోట, త్రింకోమలీ, కాంకేసంతురై వైపు నడిపింది. ఈ ప్రయాణాలు ఎక్కువగా జూన్ నుంచి మొదలయ్యే నెలల్లో ఉంటాయి. నైరుతి రుతుపవనాల్లో అరేబియా సముద్రం ఉధృతంగా ఉండడంతో ఓడ తూర్పు తీరానికి వస్తుంది. ఏటా తేదీలు, పోర్టులు మారతాయి. షెడ్యూలు చూశాకే ఆఫీసులో లీవ్ పెట్టండి. బెంగళూరు నుంచి రైల్లో కొన్ని గంటల్లోనే పోర్టు చేరగలిగే రూటు ఇదే కనుక ఖర్చు తగ్గించుకోవాలనుకునేవాళ్లు ముందు దీన్నే చూడాలి.

ముంబయి నుంచి. వర్షాలు తగ్గాక గోవా, కొచ్చి, లక్షద్వీప్ వైపు వెళ్తాయి. లక్షద్వీప్‌లో పెద్ద ఓడ ఒడ్డుకు రాదు. సముద్రంలోనే లంగరేసి చిన్న పడవల్లో దించుతారు. అలలు ఎక్కువగా ఉంటే దించడమే మానేస్తారు. గోవా చూడడానికే అయితే క్రూజ్ వద్దు, విమానమెక్కండి. ఓడ అక్కడ ఆగేది కొన్ని గంటలే.

సింగపూర్ నుంచి. ఇక్కడ ఓడలు చాలా పెద్దవి. పెనాంగ్, పోర్ట్ క్లాంగ్, ఫుకెట్ వైపు మూడు నాలుగు రాత్రుల ప్రయాణాలు దొరుకుతాయి. బెంగళూరు, చెన్నైల నుంచి నేరుగా విమానాలున్నాయి, నాలుగు నాలుగున్నర గంటల ప్రయాణం. ఎలాగూ సింగపూర్ వెళ్లే ఆలోచన ఉంటే మూడు రాత్రుల హోటల్ ఖర్చు తీసేసి ఆ చోట క్రూజ్ పెట్టండి, లెక్క బాగానే కుదురుతుంది. కేవలం క్రూజ్ కోసమే అంత దూరం వెళ్లడం మొదటిసారి బడ్జెట్ జంటకు అనవసరం.

ఎన్ని రాత్రులు? రెండు రాత్రుల ప్రయాణంలో ఓడలో దారులు తెలిసేసరికే దిగే వేళవుతుంది. ఐదు రాత్రులంటే, సముద్రం పడకపోతే నరకం. మూడు లేదా నాలుగు సరిపోతాయి.

సీజన్ విషయంలో ఒక హెచ్చరిక. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో తుపాన్లు ఎక్కువ. ఆ నెలల్లో బుక్ చేస్తే ఓడ ఒక పోర్టు వదిలేసి పోయినా ఏమీ అనలేరు. దారి మార్చే హక్కు కంపెనీకి ఉందని టికెట్టు షరతుల్లోనే రాసి ఉంటుంది.

3. క్యాబిన్ ఎంచుకోండి

క్యాబిన్లు స్థూలంగా మూడు రకాలు. కిటికీ లేని ఇంటీరియర్, తెరుచుకోని అద్దం ఉండే ఓషన్ వ్యూ, బయట కూర్చునే బాల్కనీ. బడ్జెట్ జంటకు ఇంటీరియర్ చాలు. పగలంతా డెక్ మీద, రాత్రి షోలో ఉంటారు, గదికి వచ్చేది నిద్రకే. తలుపు మూస్తే పగలో రాత్రో తెలియనంత చీకటిగా ఉంటుంది, అది గుర్తుంచుకోండి. ఇద్దరిలో ఎవరికైనా లిఫ్టులో ఊపిరాడనట్టు అనిపించే స్వభావం ఉంటే ఓషన్ వ్యూకు వెళ్లండి. ఆ తేడా డబ్బు పెట్టడం దండగ కాదు. మూడు రాత్రులకు బాల్కనీ మాత్రం దండగే.

గది నంబరు ఎంచుకునేముందు వెబ్‌సైట్‌లో డెక్ ప్లాన్ (ఓడలో ఏ అంతస్తులో ఏముందో చూపే పటం) తెరిచి ఇవి చూడండి:
- కింది డెక్కుల్లో, ఓడ మధ్య భాగంలో గది ఉండాలి. ముందు, వెనక చివర్లలో ఊపు ఎక్కువ.
- పైన స్విమ్మింగ్ పూల్ గానీ, బఫే గానీ ఉండకూడదు. తెల్లవారుజామున కుర్చీలు లాగే చప్పుడు నెత్తిమీదే వినిపిస్తుంది.
- కింద థియేటర్, బార్ ఉండకూడదు.
- పక్క గదిలోకి తలుపు ఉండే కనెక్టింగ్ క్యాబిన్ వద్దు. అవతలివాళ్ల మాటలన్నీ వినాల్సి వస్తుంది.

“గ్యారంటీ క్యాబిన్” అని తక్కువ ధరకు అమ్ముతుంటారు. గది రకం మాత్రమే మీరు ఎంచుకుంటారు, నంబరు కంపెనీ ఇస్తుంది. సముద్రం పడుతుందో లేదో తెలియని మొదటిసారి ఆ ఆదా కోసం వెళ్లకండి. ఓడ ముక్కు దగ్గర గది ఇచ్చినా కాదనలేరు.

బుక్ చేసేటప్పుడే పడకలు కలిపి వేయమని రాయించండి. చాలా గదుల్లో రెండు విడి మంచాలుంటాయి, కలిపితే డబుల్ బెడ్ అవుతుంది. చెప్పకపోతే విడివిడిగానే ఉంటాయి.

4. పేర్లు, పాస్‌పోర్టు, వీసా

ఓడ ఎక్కనివ్వకుండా వెనక్కి పంపే కారణాల్లో పేర్ల గొడవ ఒకటి, అందులోనూ మన తెలుగువాళ్లకు అది మరీ ఎక్కువ. ఆధార్‌లో “కె. వెంకట రమణ” అని ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది. పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు. పాన్ కార్డులో ఇంకోలా. పెళ్లయ్యాక భార్య కార్డుల్లో కొన్నింట భర్త ఇంటిపేరు, కొన్నింట పుట్టింటిపేరు.

పరిష్కారం సులువే. ఓడ ఎక్కేటప్పుడు ఏ గుర్తింపు పత్రం చూపిస్తారో ముందు తేల్చుకోండి. టికెట్టు, వీసా, విమానం, ఇన్సూరెన్స్ అన్నిట్లో ఆ పత్రంలో ఉన్నట్టే, ఒక్క అక్షరం తేడా లేకుండా పేరు రాయండి. విదేశీ పోర్టు ఉంటే ఆ పత్రం పాస్‌పోర్టే. హనీమూన్‌కు వెళ్తున్నారని భార్య పేరు కొత్త ఇంటిపేరుతో బుక్ చేయకండి, పాస్‌పోర్టులో పాతది ఉంటే పాతదే రాయాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లు బుకింగ్‌కు ముందే కంపెనీకి ఫోన్ చేసి ఆ గడిలో ఏం రాయాలో అడిగి, జవాబు ఈమెయిల్‌లో తెప్పించుకోండి.

పాస్‌పోర్టు గడువు ప్రయాణం ముగిసే తేదీ నుంచి కనీసం 6 నెలలు ఉండాలి. కొత్తగా తీసుకుంటుంటే ఒక చిక్కు ఉంది. ఆధార్‌లో కడపో, గుంటూరో ఊరి అడ్రసు ఉండి మీరు ఉండేది మారతహళ్లిలో అయితే పోలీసు వెరిఫికేషన్ దగ్గర ఆగిపోతుంది. అడ్రసు పత్రాలు సరిచేసుకున్నాకే దరఖాస్తు పెట్టండి, పాస్‌పోర్టు చేతికొచ్చాకే క్రూజ్ బుక్ చేయండి.

సింగపూర్ నుంచి ఎక్కేవాళ్లు చూసుకోవాల్సినవి:
- భారతీయులకు సింగపూర్ వీసా ముందే కావాలి. ఓడలో సింగపూర్ వదిలి మళ్లీ సింగపూర్‌కే వస్తారు, అంటే ఆ దేశంలోకి రెండుసార్లు ప్రవేశిస్తున్నారన్నమాట. వీసా మీద మల్టిపుల్ ఎంట్రీ అని ఉందో లేదో చేతికి రాగానే చూడండి.
- సింగపూర్ అరైవల్ కార్డును చేరే తేదీకి ముందు 3 రోజుల లోపు ఆన్‌లైన్‌లో నింపాలి. ఉచితం. డబ్బు అడిగే సైటు కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు.
- ఓడ ఆగే ప్రతి దేశానికీ వీసా, అరైవల్ కార్డు నియమాలు వేరు. మలేషియా, థాయ్‌లాండ్ రెండింటికీ ఆన్‌లైన్ అరైవల్ కార్డులున్నాయి. వీసా సడలింపులు గడువులతో ప్రకటిస్తుంటారు కనుక ప్రయాణానికి నెల ముందు, వారం ముందు రెండుసార్లు అధికారిక సైట్లలో చూడండి.

శ్రీలంక వెళ్లే ఓడకు పాస్‌పోర్టు తప్పనిసరి. ఈటీఏ (శ్రీలంక ఆన్‌లైన్‌లో ఇచ్చే ప్రయాణ అనుమతి) ఎవరు తీయాలి, మీరా కంపెనీయా అన్నది డబ్బు కట్టకముందే రాతపూర్వకంగా తెలుసుకోండి.

ఇంకొకటి, కొత్త జంటలు మరచిపోయేది. గర్భం 24 వారాలకు చేరినవారిని చాలా క్రూజ్ కంపెనీలు ఎక్కించుకోవు. బుకింగ్ రోజుకు కాకుండా ప్రయాణం ముగిసే రోజుకు ఎన్ని వారాలవుతాయో లెక్కపెడతారు. అంతకు తక్కువైనా డాక్టర్ సర్టిఫికెట్ అడుగుతారు.

5. బుకింగ్ ఏ వరసలో చేయాలి

చవగ్గా వస్తోందని ముందు విమానం టికెట్లు కొనేయడం మామూలుగా జరిగే పొరపాటు. ఆ తర్వాత ఓడ తేదీ మారితే ఆ డబ్బు పోయినట్టే. సరైన వరస ఇది:

- 4 నుంచి 5 నెలల ముందు: పాస్‌పోర్టులు, పేర్లు సరిచూడడం.
- 3 నుంచి 4 నెలల ముందు: లీవ్ ఖాయం చేసుకుని క్రూజ్ బుక్ చేయడం.
- అదే వారంలో: విమానం. రైలుకైతే రిజర్వేషన్ తెరిచే రోజున.
- బుక్ చేసిన రెండు మూడు రోజుల్లోపు: ట్రావెల్ ఇన్సూరెన్స్.
- సుమారు 4 వారాల ముందు: వీసా.
- వెబ్ చెక్-ఇన్ తెరిచిన రోజే: చెక్-ఇన్ పూర్తి చేసి ఓడెక్కే సమయం తీసుకోవడం.

బుక్ చేసేముందు రద్దు షరతులు చదవండి. తేదీ దగ్గరపడేకొద్దీ కోత పెరిగేలా మెట్లు మెట్లుగా ఉంటాయి. చివరి మెట్టులో ఒక్క రూపాయీ వెనక్కి రాదు. ఆ మెట్ల తేదీలు ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి.

సొంతంగానా, ఏజెంటు ద్వారానా? ధరలో తేడా పెద్దగా ఉండదు. దేశంలోపల తిరిగే ఓడైతే కంపెనీ సైటులో మీరే చేసుకోవచ్చు. సింగపూర్‌కైతే వీసా కూడా చేసే ఏజెంటు ఉంటే తలనొప్పి తగ్గుతుంది. కాకపోతే బుకింగ్ నంబరు తీసుకుని కంపెనీ సైటులో మీ పేర్లు కనిపిస్తున్నాయో లేదో ఆ రోజే చూడండి. వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్‌ను నమ్ముకుని కూర్చోకూడదు.

ఏజెంటు దగ్గర విదేశీ ప్యాకేజీ కొంటే టీసీఎస్ అనే ముందస్తు ఆదాయపన్ను కొంత అదనంగా వసూలు చేస్తారు. ఆ డబ్బు పోదు. ఎవరి పాన్ ఇస్తే వారి పేరున ప్రభుత్వానికి జమై, ఆదాయపన్ను రిటర్నులో సర్దుబాటు అవుతుంది. అందుకే ఇద్దరిలో రిటర్ను వేసేవారి పాన్ ఇవ్వండి. అయినా చేతిలోంచి ఇప్పుడే వెళ్లే డబ్బు కనుక బడ్జెట్‌లో వేరే గీత కింద రాసుకోవాలి.

ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు “క్రూజ్” అన్న మాట పాలసీలో ఉందో లేదో వెతకండి. సముద్రం మీద నుంచి ఆసుపత్రికి తరలించే ఖర్చు కలిసి ఉండాలి. ఓడలో వైద్యం అయ్యాక డబ్బు మీరే కట్టి, బిల్లులతో తర్వాత క్లెయిమ్ చేయాల్సి ఉంటుంది.

6. పోర్టు దాకా చేరడం

ఓడ ఎవరి కోసమూ ఆగదు. ఓడ కదిలే రోజు ఉదయం బెంగళూరులో బయల్దేరే ఆలోచన పెట్టుకోకండి.

చెన్నై పోర్టుకైతే ముందురోజు రైలెక్కి సాయంత్రానికి చేరండి. సెంట్రల్ స్టేషన్ నుంచి పోర్టు కొద్ది కిలోమీటర్లే. సెంట్రల్ దగ్గర పెరియమేట్, ఎగ్మోర్ ప్రాంతాల్లో మామూలు లాడ్జీలు దొరుకుతాయి. చుట్టాలుంటే ఇంకా మంచిది, చెన్నైలో ఎవరో ఒక పిన్నో బాబాయో లేని తెలుగు కుటుంబం తక్కువే! మరునాడు పోర్టు గేటు దగ్గర టికెట్టు, గుర్తింపు కార్డు చూపించాలి. క్యాబ్ డ్రైవరుకు ఏ గేటులోంచి వెళ్లాలో కంపెనీ పంపిన మెసేజ్ చూపించండి. పోర్టు పెద్దది, వేరే గేటు దగ్గర దిగితే పెట్టెలు లాక్కుంటూ చాలా దూరం నడవాలి.

సింగపూర్‌కు బెంగళూరు నుంచి రాత్రి బయల్దేరి తెల్లవారేసరికి చేరే విమానాలున్నాయి. అదే రోజు ఓడెక్కితే ఒక రాత్రి హోటల్ మిగులుతుందని ఆశపుడుతుంది. విమానం మూడు గంటలు ఆలస్యమైతే ఇమ్మిగ్రేషన్, సామాను, టెర్మినల్ చెక్-ఇన్ అన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. మరుసటి విమానానికి అవకాశం లేని ఆదా అది. ఒకరోజు ముందు చేరి లిటిల్ ఇండియాలో చిన్న హోటల్ తీసుకోండి, ఇడ్లీ దోసెలకు కొదవ ఉండదు. మరునాడు ఎమ్మార్టీలో (సింగపూర్ మెట్రో రైలు) మెరీనా సౌత్ పియర్ స్టేషన్‌లో దిగితే మెరీనా బే క్రూజ్ సెంటర్‌కు నడిచే దూరమే.

7. సామాను

మీ పెద్ద పెట్టెను పోర్టు దగ్గరే తీసుకుని సాయంత్రానికి గది ముందు పెడతారు. ఆ ఆరేడు గంటలు మీ దగ్గర ఉండేది చేతి సంచి ఒక్కటే.

చేతి సంచిలో:
- పాస్‌పోర్టులు, వీసా, టికెట్టు, వాటి జిరాక్సులు రెండు సెట్లు
- మందులు, చీటీతో సహా
- క్రెడిట్ కార్డు, కొంత నగదు
- ఫోను, చార్జర్, కళ్లజోడు
- ఈత దుస్తులు, ఒక జత బట్టలు, పల్చటి స్వెట్టర్. థియేటర్లో ఏసీ వణికించేస్తుంది.

పెద్ద పెట్టెలో:
- రోజుకు ఒక జత, సాయంత్రానికి ఒక మంచి జత. చీర, సల్వార్, ఫుల్ ప్యాంటు, కాలర్ షర్టు ఏవైనా చెల్లుతాయి. నిక్కరు, స్లిప్పర్లతో డైనింగ్ హాల్‌లోకి రానివ్వని ఓడలున్నాయి.
- జారని చెప్పులు
- యూనివర్సల్ అడాప్టర్. విదేశీ ఓడల్లో మన మూడు పిన్నుల ప్లగ్గు దూరదు.

తీసుకెళ్లకూడనివి: ఇస్త్రీపెట్టె, ఎలక్ట్రిక్ కెటిల్, నీళ్లు కాచుకునే రాడ్, రైస్ కుక్కర్, ఎక్స్‌టెన్షన్ బాక్సు, కొవ్వొత్తులు, అగరుబత్తీలు, కర్పూరం. ఓడ మీద అన్నిటికంటే పెద్ద భయం నిప్పు, అందుకే ఈ పట్టుదల. స్కానర్లో దొరికితే తీసుకుని దిగేరోజు ఇస్తారు. సింగపూర్‌లోకి వేప్‌లు, చూయింగ్ గమ్ తీసుకెళ్లకూడదు.

ఇక ఆవకాయ సంగతి. ఇంట్లో చేసిన పచ్చళ్లు, పులిహోర, పెరుగన్నం డబ్బాలను ఓడలోకి రానివ్వరు. కంపెనీ సీలుతో ఉన్న చిన్న పచ్చడి ప్యాకెట్లు, కారప్పొడి, బిస్కెట్లకు సాధారణంగా ఇబ్బంది ఉండదు. శాకాహారులు బుకింగ్‌లోనే ఆ సంగతి నమోదు చేయించి, మొదటి సాయంత్రం డైనింగ్ హాల్ సూపర్‌వైజరుకు మళ్లీ చెప్పాలి. చేప, రొయ్యల సాస్ వేసిన కూరగాయల వంటకాలు తూర్పు ఆసియా వంటల్లో మామూలే కనుక “గుడ్డు, చేప, మాంసం ఏదీ వద్దు” అని విడమరచి చెప్పండి.

8. ఓడెక్కే రోజు

- ఇచ్చిన సమయానికే వెళ్లండి. ఓడ కదలడానికి గంట, గంటన్నర ముందే చెక్-ఇన్ మూసేస్తారు.
- పెట్టెలకు లగేజ్ ట్యాగులు గట్టిగా కట్టి అప్పగించండి. వాటి ఫొటో తీసుకోండి.
- చెక్-ఇన్‌లో ఒక కార్డు ఇస్తారు. గది తాళం, జేబులో డబ్బు రెండూ అదే.
- దానికి మీ బ్యాంకు కార్డు అనుసంధానం చేస్తారు. క్రెడిట్ కార్డే ఇవ్వండి. డెబిట్ కార్డు ఇస్తే హోల్డ్ పేరుతో ఖాతాలో అసలు డబ్బు ఆగిపోయి, దిగాక కూడా కొన్ని రోజులు రాదు.
- విదేశీ ఓడైతే బయల్దేరకముందే బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేయాలి. మన కార్డుల్లో ఆ మీట మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. సముద్రం మీదకు వెళ్లాక ఓటీపీ రాదు.
- ఎక్కగానే భద్రతా డ్రిల్లుకు వెళ్లండి. తప్పించుకునే వీల్లేదు. ఏడు చిన్న కూతలు, ఒక పొడవు కూత వినిపిస్తే కార్డు మీద రాసిన చోటికి చేరాలి.

ఈఎంఐలు, కరెంటు బిల్లు, ఇంటద్దె ముందే కట్టేయండి. నెట్ లేనిచోట యూపీఐ పనిచేయదు.

9. ఓడలో డబ్బు కారిపోయే చోట్లు

కార్డు గీకితే చాలు, నోటు చేతిలోంచి పోదు. ఖర్చవుతున్నట్టే తెలియకపోవడానికి అదే కారణం.

ఫోను. ఓడ కదలగానే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై మాత్రం ఆన్ చేయండి. మరచిపోతే ఫోను ఓడలోని ఉపగ్రహ నెట్‌వర్కును పట్టుకుంటుంది, దాని రోమింగ్ ధరలు మామూలు దేశాల రోమింగ్ కంటే ఎన్నో రెట్లు. ఇద్దరికీ చెరో వైఫై ప్యాకు అక్కర్లేదు. చాలా ఓడల్లో ఒక డివైస్ ప్యాకును ఒక ఫోను నుంచి లాగౌట్ అయి ఇంకో ఫోనులో వాడుకోవచ్చు. పోర్టు వచ్చాక ఒడ్డున వాడుకుంటాం అనుకుంటే అసలు ప్యాకే కొనకండి.

మద్యం. డ్రింక్స్ ప్యాకేజీ లాభమా కాదా అన్నది భాగహారంతో తేలుతుంది. ప్యాకేజీ రోజు ధరను ఒక గ్లాసు ధరతో భాగించండి. రోజుకు ఆరేడు గ్లాసులు తాగితేనే గిట్టుతుందని తేలితే వదిలేయండి. గదిలో ఇద్దరూ కొనాలన్న నిబంధన కూడా చూడండి. గ్లాసు ధర మీద సర్వీసు చార్జీ అదనం.

ఫొటోలు. మెట్ల దగ్గర, డిన్నర్ దగ్గర తీస్తూనే ఉంటారు. తీయించుకోవడం ఉచితం, కొంటేనే డబ్బు. నచ్చినది ఒక్కటి కొనుక్కోండి.

గ్రాట్యుటీ. టికెట్టులో కలపకపోతే రోజుకు మనిషికి ఇంత అని బిల్లులో పడుతుంది. విదేశీ ఓడల్లో డాలర్లలో ఉంటుంది. ఇద్దరు, నాలుగు రాత్రులు అంటే ఎనిమిదితో గుణించాలి. ఇది చేతి ఖర్చు 12,000లో పట్టకపోవచ్చు, టికెట్టు లెక్కలోనే కలిపేయండి.

కాసినో గురించి ఒక్కమాట. వెళ్లాలనుకుంటే పోయినా బాధలేని నగదు తీసుకెళ్లి, కార్డు గదిలోనే వదిలేయండి.

రోజూ రాత్రి పడుకునేముందు టీవీలోనో యాప్‌లోనో ఆనాటి ఖర్చు చూడండి. ఇద్దరూ కలిసి చూడాలి, లేకపోతే ఆ స్పా బిల్లు ఎవరిదన్న గొడవ ఇంటిదాకా వస్తుంది.

10. కడుపులో తిప్పితే

వాంతులయ్యాక మాత్ర వేసుకుంటే నిలవదు. అవోమిన్, స్టుజెరాన్ లాంటివి ఓడ కదలకముందే వేసుకోవాలి. ఏది, ఎంత మోతాదు అన్నది మీ డాక్టర్‌ని అడగండి. మత్తు వస్తుంది, వాటితో మద్యం కలపకూడదు. బీపీ, గ్లకోమా, గర్భం ఉన్నవాళ్లు సొంతంగా వేసుకోకూడదు.

తిప్పడం మొదలైతే గదిలో పడుకుని ఫోను చూడకండి, ఇంకా పెరుగుతుంది. ఓడ మధ్య భాగంలో బయటి డెక్ మీదకు వెళ్లి దూరంగా సముద్రం, ఆకాశం కలిసే గీతను చూస్తూ నిలబడండి. లోపలి చెవి చెప్పే కదలికా, కళ్లు చూసే కదలికా ఒకటైతే తలతిప్పడం తగ్గుతుంది. ఖాళీ కడుపు మంచిది కాదు. ఉప్పు బిస్కెట్లు, ఆపిల్, అల్లం ముక్క దగ్గరుంచుకోండి. నూనె వంటలు ఆ పూట మానేయండి.

11. పోర్టులో దిగే రోజు

ఓడ టూరా, సొంతంగానా? ఓడవాళ్ల టూరు ఖరీదు ఎక్కువ, కానీ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. సొంతంగా వెళ్లి ఆలస్యమైతే ఓడ వెళ్లిపోతుంది. పోర్టు పక్కనే ఊరుంటే సొంతంగా, ఊరు దూరమైతే ఓడ టూరులో లేదా ఓడలోనే ఉండిపోవడం మేలు.

- పెనాంగ్: ఓడ జార్జ్‌టౌన్ పక్కనే ఆగుతుంది. లిటిల్ ఇండియాకు నడిచి వెళ్లొచ్చు. టూరు దండగ.
- పోర్ట్ క్లాంగ్: కౌలాలంపూర్‌కు రోడ్డు మీద గంట పైనే, ట్రాఫిక్‌లో ఇంకా ఎక్కువ. సొంతంగా వెళ్లేంత సమయం చేతిలో ఉందో లేదో ముందు లెక్కేయండి.
- ఫుకెట్: చిన్న పడవల్లో దించే అవకాశం ఎక్కువ. పడవ టోకెన్ ఉదయమే తీసుకోండి.
- విశాఖ: ఆటోలో ఆర్కే బీచ్, అక్కడే ఐఎన్ఎస్ కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం. భాష మనదే, బేరం మనదే.

గడియారం సంగతి మరవొద్దు. థాయ్‌లాండ్ సమయం సింగపూర్ కంటే గంట వెనక. ఫోను ఒడ్డున తనంతట తానే స్థానిక సమయానికి మారిపోతుంది, ఓడ మాత్రం తన సమయంలోనే ఉండొచ్చు. చేతికి ఒక వాచీ కట్టుకుని ఓడ సమయానికి పెట్టుకోండి. అందరూ ఎక్కాల్సిన సమయానికి గంట ముందే పోర్టు దగ్గర ఉండేలా చూసుకోండి.

దిగేటప్పుడు వెంట ఉండాల్సినవి: ఓడ కార్డు, పాస్‌పోర్టు లేదా జిరాక్సు, స్థానిక నగదు కొంచెం, ఓడలో రోజూ ఇచ్చే కార్యక్రమాల కాగితం మీద ఉండే పోర్టు ఏజెంటు ఫోన్ నంబరు ఫొటో.

12. చివరి రాత్రి, దిగే ఉదయం

పెట్టెలను ట్యాగులతో రాత్రే గది బయట పెట్టమంటారు. అన్ని బట్టలూ పెట్టెలో సర్ది బయట పెట్టేసి, పొద్దున నైట్ డ్రెస్సులో దిగాల్సి వచ్చినవాళ్లు ప్రతి ఓడలోనూ ఉంటారు. మరునాటి బట్టలు, చెప్పులు, బ్రష్, మందులు, పాస్‌పోర్టు తీసి పక్కన పెట్టాకే పెట్టె మూయండి. పెట్టె మీరే మోసుకుని దిగగలిగితే ట్యాగులే అక్కర్లేదు, ముందే దిగిపోవచ్చు కూడా.

బిల్లు చివరి రాత్రే తెరిచి వరస వరసా చూడండి. తాగని డ్రింకు, మరొకరి గది ఫొటోలు మీ ఖాతాలో పడితే ఆ రాత్రే రిసెప్షన్‌కు వెళ్లాలి. ఉదయం అక్కడ పెద్ద లైను ఉంటుంది, దిగాక ఈమెయిళ్లతో తేలడానికి వారాలు పడుతుంది.

తిరుగు ప్రయాణం మధ్యాహ్నం తర్వాతే పెట్టుకోండి. ఓడ ఉదయం ఏడుకే ఒడ్డు చేరినా ఇమ్మిగ్రేషన్, సామాను అయ్యేసరికి పది దాటుతుంది. చెన్నై నుంచైతే సాయంత్రం రైలు, సింగపూర్ నుంచైతే మధ్యాహ్నం రెండు తర్వాతి విమానం చూసుకోవాలి.

ఇంటికొచ్చాక పది రోజుల లోపు కార్డు స్టేట్‌మెంటులో రెండు చూడండి. ఓడ తీసుకున్న హోల్డ్ విడుదలైందా, అసలు బిల్లు మీరు రాసుకున్న అంకెతో సరిపోయిందా? విదేశీ కరెన్సీ మార్కప్ (బ్యాంకు వేసే అదనపు రుసుము), దాని మీద జీఎస్టీ వేరే వరుసలో కనిపిస్తాయి. హోల్డ్ అప్పటికీ అలాగే ఉంటే ఓడ ఇచ్చిన తుది బిల్లు జతచేసి బ్యాంకుకు రాయండి. టీసీఎస్ కట్టినవాళ్లు ఆదాయపన్ను సైటులోని పన్ను జమల పత్రంలో ఆ మొత్తం తమ పాన్ కింద పడిందో లేదో రిటర్ను వేసేముందు సరిచూసుకోవాలి. పడకపోతే ఏజెంటును సర్టిఫికెట్ అడగండి.